అరవై రెండు దగ్గర గీత

అరవై నిమిషాలు. టైమరు మీట నొక్కి తెల్లకోటు జేబులో వేసుకుంది పేయ్‌జెన్, వేసుకున్న మరుక్షణమే బయటికి తీసి చూసింది, యాభై తొమ్మిది నిమిషాల యాభై ఆరు సెకన్లు. అంటే గడిచింది నాలుగు సెకన్లు. ఊగే బల్ల మీద ప్లాస్టిక్ డబ్బా అటూ ఇటూ ఊగుతోంది, అందులో పాలలాంటి నీళ్ళలో అరచేయంత తెల్లటి పొర మునుగుతూ తేలుతూ ఉంది, దాని మీద ఏముందో ఏం లేదో మనిషి కంటికి కనపడదు, కనపడేలా చేయడానికే ఈ గంట. రాత్రంతా ఆ పొర కుందేలు యాంటీబాడీలో నానింది, ఇప్పుడు మేక యాంటీబాడీలో నానుతోంది. ప్రోటీన్‌ను కుందేలు పట్టుకుంటుంది, కుందేలును మేక పట్టుకుంటుంది, మేకకు తగిలించిన మందు వెలుగుతుంది, ఆ వెలుగును కెమెరా పట్టుకుంటుంది, కెమెరాలో పడ్డ గీతను పేయ్‌జెన్ పట్టుకుంటుంది, పేయ్‌జెన్‌ను పట్టుకోవడానికి మాత్రం జూలై ముప్పై ఒకటో తారీఖు గుమ్మం దగ్గరే కాచుకుని కూర్చుంది. ఇవాళ జూన్‌లో ఒక బుధవారం. కిటికీ అవతల తైనాన్ ఎండ అట్ల పెనంలా కాలిపోతోంది, లోపల ఏసీ చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు, ఈ గంటను ముందుకు తోయడానికి ఎవరి చేతిలోనూ ఏమీ లేదు.

జూలై ముప్పై ఒకటితో ఏడేళ్ళు నిండుతాయి. డాక్టరేటుకు విశ్వవిద్యాలయం ఇచ్చేది ఏడేళ్ళే, ఆ తర్వాత పట్టిక నుంచి పేరు కొట్టేస్తారు. మధ్యలో సెలవు పెట్టి గడియారం ఆపుకునే వీలు రెండేళ్ళు ఉంటుంది, ఆ రెండేళ్ళూ అమ్మ మోకాలి ఆపరేషన్‌కీ, అమ్మ కాలు చాచుకుని కూర్చుంటే చియాయీ ఊళ్ళో ఆమె టిఫిన్ కొట్టు పెనం ముందు నిలబడి గుడ్డట్లు తిప్పడానికీ సరిపోయాయి. దానికి బాధ లేదు. బాధల్లా తిరిగొచ్చాక పోయిన కాలం మీద. పట్టా కావాలంటే ఒక్క పత్రిక ఒక్క వ్యాసాన్ని 'ఒప్పుకున్నాం' అనాలి, అంతే. వ్యాసం వెళ్ళింది, ముగ్గురు చదివారు, మొదటి ఇద్దరూ మంచి మాటే చెప్పారు, మూడో సమీక్షకుడు మాత్రం రెండే వాక్యాలు రాశాడు. కోయని పూర్తి పొర బొమ్మ చూపండి. జన్యువు తీసేసిన కణాల్లో ఈ గీత మాయమవుతుందని చూపండి. ఎక్కడి మనిషో ఏ దేశమో, పేరు చెప్పరు కాబట్టి తిట్టుకోవడానికి ముఖం కూడా దొరకదు. నెల రోజులుగా పేయ్‌జెన్ ఆయనకు రకరకాల ముఖాలు పెట్టి తిట్టుకుంటోంది, ఒకరోజు బట్టతల, ఒకరోజు మూతి ముడుచుకున్న ముసలామె. తిట్టినప్పుడల్లా లోపల ఒక మూల తెలుస్తూనే ఉంటుంది, ఆయన అడిగింది న్యాయమేనని. శుక్రవారం లోపు జవాబు పంపాలి.

ఇంతకీ ఆ గీత ఏమిటి అంటే, ఒక ప్రోటీన్. కణంలో పనికిరాని ప్రోటీన్లు ఏవో చూసి, వాటి వీపున యుబిక్విటిన్ అనే చీటీ అంటించి పారేయించే ప్రోటీన్. లైగేజ్ అంటారు. ఇది అంటించకపోతే చెత్త పేరుకుని కణం కుళ్ళుతుంది, ఎక్కువ అంటిస్తే ఉండాల్సినవి కూడా పోతాయి. నిరుడు కొత్త సంవత్సరం భోజనాల దగ్గర అత్తయ్యలందరి ముందూ అమ్మ అడిగింది, "ఇన్నేళ్ళ బట్టీ నువ్వు చేసేదేంటో ఒక్క ముక్కలో చెప్పవే, వీళ్ళడిగితే నాకు నోరు పెగలట్లేదు." పేయ్‌జెన్ చెప్పింది, "ఒంట్లో చెత్తబండి ఉంటుందమ్మా. ఏది చెత్తో చీటీ అంటించేదాన్ని పట్టుకుంటున్నా." అమ్మ చాప్‌స్టిక్కులు కింద పెట్టి, "చెత్తబండిని పట్టుకోడానికి ఏడేళ్ళా? మన సందులోకి రోజూ సాయంత్రం పాట పాడుకుంటూ వస్తుంది కదే, మోకాళ్ళ నొప్పులతో నేనే పరిగెత్తి పట్టుకుంటున్నా!" అంది. అందరూ పగలబడి నవ్వారు, పేయ్‌జెన్ కూడా నవ్వింది, నవ్వి చేపముక్క నోట్లో పెట్టుకుంటే ముల్లు గుచ్చుకుంది. ముల్లు కంటే ఆ నవ్వే ఎక్కువ గుచ్చుకుంది. అమ్మ ఎగతాళి చేయలేదు, నిజంగానే అడిగింది, అదే అసలు కష్టం.

నలభై తొమ్మిది నిమిషాలు. కూర్చుంటే కాళ్ళు ఊరుకోవడం లేదు, నిలబడితే నడుము. ఆ కుందేలు, దొంగ ముండ, అసలు దానిదే ఇదంతా. డౌహువా. రెండో ఏడాదిలో తెచ్చిన తెల్ల కుందేలు, సోయా పాల జున్నులా మెత్తగా తెల్లగా ఉందని ఆ పేరు తనే పెట్టింది, జంతుశాలలో దానికి ఒక నంబరే తప్ప పేర్లు పెట్టకూడదు. పేరు పెట్టిన పాపానికి మూడు వారాలకోసారి దాని వీపు చర్మం కింద ప్రోటీన్ ముక్క ఎక్కించింది, చెవి నిమిరి నిమిరి నరం ఉబ్బాక కొద్దికొద్దిగా రక్తం తీసింది. చివరి రోజు మత్తిచ్చి మొత్తం రక్తం తీసిందీ తనే. ఇంకొకరికి అప్పజెప్పవచ్చు, అప్పజెప్పలేదు. ఏటా జంతుశాల గుమ్మం ముందు రాతిపలక దగ్గర పువ్వులూ పళ్ళూ పెట్టి, ప్రాణాలిచ్చిన జంతువులకు అందరూ వంగి దండం పెట్టే రోజున పేయ్‌జెన్ సంచిలో కారట్లు తీసుకెళుతుంది, ఎలుకల వాళ్ళు ఎలుకలకు తెచ్చిన గింజల పక్కన పెడుతుంది. మొన్న పెట్టేటప్పుడు మాత్రం దండానికి బదులు తిట్టే నోటికొచ్చింది. ఇంత తిని ఇన్ని సూదులు పొడిపించుకుని చివరికి నువ్విచ్చింది ఇదా అని.

ఎందుకంటే ఇలాంటి యాంటీబాడీ ఒకటి కాదు, ఒక గుంపు. కుందేలు ఒంట్లో వంద రకాలు పుడతాయి, ఒక్కోటి ఆ ప్రోటీన్‌ను ఒక్కోచోట పట్టుకుంటుంది, అందుకే దాన్ని పాలీక్లోనల్ అన్నారు. ఊరంతా దొంగను వెతకడానికి బయల్దేరితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది దాని పని, పదిమంది అసలు దొంగ రెక్క పట్టుకుంటారు, ఇద్దరు మాత్రం దారిన పోయే దానయ్య కాలర్ పట్టుకుని ఊగుతారు. ఆ ఇద్దరెవరో తెలియాలంటే దొంగ లేని ఊళ్ళో ఆ గుంపును వదిలి చూడాలి. అక్కడ కూడా ఒకడి కాలర్ దొరికిందంటే వాడు దానయ్యే. జన్యువు తీసేసిన కణాలంటే అదే, దొంగ లేని ఊరు. ఆ పరీక్ష మొదటి వారంలోనే చేయాల్సింది. అప్పట్లో ఆ కణాలు లేవు, తయారు చేయడానికి ఏడాది పట్టేది, ఏడాది ఎవరి దగ్గరుంది? లెక్క ప్రకారం ఆ ప్రోటీన్ సైజు అరవై రెండు కిలోడాల్టన్లు. డౌహువా రక్తంతో మొదటిసారి పరీక్షిస్తే అరవై రెండు దగ్గర గీత పడింది, నల్లగా, నిండుగా, కాటుక దిద్దినట్టు. తన గైడు వెంగ్ సార్ ఆ రోజు అందరికీ సగ్గుబియ్యపు ముత్యాల టీ తెప్పించారు. ఎవరు మాత్రం అనుమానిస్తారు? పెళ్ళికొడుకు చెప్పిన టైముకి చెప్పిన సూటులో దిగితే గుర్తింపు కార్డు అడిగేవాళ్ళుంటారా?

అడిగితే సూయిన్ అక్క అడగాల్సింది. యాభై ఆరేళ్ళ మనిషి, వెంగ్ సార్ ల్యాబు మొదలెట్టిన రోజు నుంచీ ఇక్కడే, గ్లౌజుల పెట్టె దగ్గర నుంచి గడ్డకట్టిన కణాల దాకా ఆమె చేతి మీదుగా కదలాల్సిందే. బొమ్మలు తీసే యంత్రం బుద్ధిగా ఉండాలని దాని నెత్తిన కొబ్బరి మరమరాల పచ్చ పొట్లం పెట్టి, గడువు దాటకుండా మార్చేది కూడా ఆమే. పసుపు పొట్లం పెడితే యంత్రం మొరాయిస్తుందని చేరిన రోజే పేయ్‌జెన్‌కు పాఠం చెప్పింది. ఆ రోజే ఇంకో పాఠం కూడా చెప్పింది. పొర మీద ప్రోటీన్లు సైజుల వారీగా పైనుంచి కిందికి దిగుతాయి, పక్కన సైజులు చూపే రంగుల నిచ్చెన ఉంటుంది, డెబ్బై ఐదు దగ్గర ఒక కోత, యాభై దగ్గర ఒక కోత. మధ్య ముక్క మన ప్రోటీన్‌కి, కింది ముక్క పోలిక కోసం చూసే మామూలు ప్రోటీన్‌కి, పై ముక్క చెత్తబుట్టలోకి. అలా కోస్తే యాంటీబాడీ రెండు మిల్లీలీటర్లతో సరిపోతుంది, లేకపోతే పది. వాడిన యాంటీబాడీని కూడా మళ్ళీ గొట్టంలోకి పోసి, మూత మీద ఒక గీత గీసి, ఫ్రిజ్‌లో పెట్టి, ఏడెనిమిది సార్లు తిప్పి వాడాలి. ఇది ఆమె కనిపెట్టింది కాదు, వెంగ్ సార్ నేర్పించింది, ఆయనకు ఆయన గురువుగారు నేర్పించింది, చుక్క చుక్కా విదేశం నుంచి రావాల్సిన కాలంలో పుట్టిన అలవాటు. అది పొదుపు. పొదుపును తప్పనేవాళ్ళు ఈ ఊళ్ళో ఎవరూ లేరు.

నిన్న పొద్దున ఆ పొదుపుతోనే పోట్లాట.

"మొత్తం పొరకా? నీకేమైనా మతి పోయిందా?"

"వాళ్ళు కోయొద్దన్నారక్కా."

"పది మిల్లీలీటర్లు గుమ్మరిస్తావా? చచ్చిన కుందేలు లేచొచ్చి ఇంకో గిన్నెడు రక్తమిచ్చి పోతుందా? రెండంటే రెండే గొట్టాలున్నాయి తెలుసా?"

"తెలుసు."

"ఆ పై ముక్కలో ఏముంటుందని? ఇన్నేళ్ళూ పారేశాం, ఎవరైనా ఏడ్చారా?"

పేయ్‌జెన్ చేయి చాపి నిలబడింది. సూయిన్ అక్క గొట్టం చేతిలో పెడుతూ, "నీ మొండితనం పాడుగాను, మీ అమ్మ ఎట్లా వేగిందో నీతో," అని వెళ్ళిపోయింది. మొండితనమట. మొండితనం ఎవరిదో ఈ గదిలో గోడలకు తెలుసు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్నవాడైనా కనీసం కుందేలును పట్టుకుని అన్నాడు.

ఇరవై ఎనిమిది. ఇక్కడికి రాకుండా ఉండాలని ఇంతసేపూ మనసు చుట్టూ తిరిగింది, అమ్మ దగ్గరికీ కారట్ల దగ్గరికీ పోయింది, కానీ నీళ్ళు పల్లానికే పోతాయి. జన్యువు తీసేసిన కణాలు నిరుడే వచ్చాయి. అప్పుడే ఒకసారి చూసింది. ఎప్పటిలా కోసి, మధ్య ముక్క మీదే. గీత మాయం కాలేదు. అరవై రెండు దగ్గర అలాగే ఉంది, నల్లగా, నిండుగా, ఏం చేసుకుంటావో చేసుకో అన్నట్టు. ఆ సాయంత్రం ఒక్కతే పాల చేప గంజి తాగుతూ తేల్చేసుకుంది, కణాలే బాగాలేవని. జన్యువు సగమే పోయి ఉంటుంది, మామూలు కణాలు కలిసి ఉంటాయి, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు ఎన్ని కారణాలైనా దొరుకుతాయి. మళ్ళీ చేసింది, మళ్ళీ ఉంది. మూడోసారీ ఉంది. ఎవరికీ చెప్పలేదు. చెప్పలేదు అంటే దాచలేదు, తేలని సంగతి సార్‌కు చెప్పడం దేనికని. ఆ మాట ఎన్నిసార్లు అనుకున్నా నాలుక మీద చేదు పోలేదు. ఈసారి ఒకే ఒక్క కణం నుంచి పెంచింది మొత్తం సంతతిని, జన్యువు అక్షరం అక్షరం చదివించింది, లేదు, శుభ్రంగా లేదు. ఇక తప్పించుకోవడానికి సందు లేదు. గీత మాయమైతే పట్టా. మాయం కాకపోతే వ్యాసంలో ఉన్న పదకొండు బొమ్మలూ, ఐదేళ్ళ కొలతలూ, మందు వేస్తే పెరిగింది ఆకలి పెడితే తగ్గింది అని రాసిన ప్రతి వాక్యమూ ఎవరో దానయ్య గురించి. ఆ దానయ్య పేరు కూడా తెలియదు.

కోపం వస్తే ఒకళ్ళ మీద వచ్చినా బాగుండును. సార్ మీదకు పోతే ఆయన మొన్ననే సొంత పరిశోధన నిధిలోంచి తనకు ఆరు నెలల జీతం సర్దిన మనిషి. సూయిన్ అక్క మీదకు పోతే ఆమె చలికాలంలో తన బల్ల మీద అల్లం చారు పెట్టిపోయే మనిషి. మూడో సమీక్షకుడు న్యాయం అడిగిన మనిషి. మిగిలింది కుందేలు. అందుకే కుందేలును తిడుతోంది, వెధవ కుందేలు, తిండిపోతు కుందేలు, కళ్ళు మూసుకుని ఎవరి కాలర్ పడితే వాళ్ళ కాలర్ పట్టుకున్న కుందేలు. తిట్టడానికి నోరున్నవాళ్ళెవరూ దొరక్క నోరు లేనిదాన్ని తిడుతోంది, సిగ్గేస్తోంది, అయినా తిడుతోంది.

టైమరు మోగింది. ఉలిక్కిపడి మోకాలు బల్ల సొరుగుకు కొట్టుకుంది. మేక యాంటీబాడీ పారబోసి, ఉప్పునీళ్ళు పోసి, పది నిమిషాల చొప్పున మూడుసార్లు కడగాలి. మనిషి ఆత్రం పొర మీద పనిచేయదు. కడిగింది. పట్టుకారుతో అంచు పట్టి లేపి వెలిగే మందు పోసింది, చీకటి గదిలో యంత్రం నోట్లో పెట్టి మూత వేసింది. మొదట తెర అంతా బూడిద రంగు. తర్వాత ఎడమ వరుస, మామూలు కణాలు, అరవై రెండు దగ్గర గీత లేచింది. కుడి వరుస, జన్యువు లేని కణాలు.

గీత ఉంది. అదే నలుపు, అదే లావు.

పేయ్‌జెన్‌కు ఏడుపు రాలేదు. చెవుల్లో హోరు మాత్రం వచ్చింది, కొట్టులో నూనె మసిలేటప్పటి హోరులాంటిది. అయిపోయింది అనుకుంది. యంత్రం తన పాటికి తాను వెలుగును పోగుచేస్తూనే ఉంది, ఆపడానికి చేయి మీట దాకా వెళ్ళింది, అప్పుడు కనిపించింది పైన. నిచ్చెన మీద డెబ్బై ఐదు దాటాక, ఇంచుమించు తొంభై ఐదు దగ్గర, ఎడమ వరుసలో సన్నటి గీత. కుడి వరుసలో అక్కడ ఏమీ లేదు. కుర్చీ ముందుకు లాక్కుని చూసింది, వెలుగు పెంచి చూసింది, తగ్గించి చూసింది. ఎడమన ఉంది, కుడిన లేదు. జన్యువుంటే ఉంది, లేకపోతే లేదు. అదీ, అదే, వెతికింది దాన్నే. సైజు లెక్కకు ఎందుకు కుదరలేదో వేరే సంగతి, ప్రోటీన్లు మన లెక్క ప్రకారమే నడుచుకోవాలని ఎక్కడా రాసి లేదు. కుందేలు దొంగను సరిగ్గానే పట్టుకుంది. ప్రతిసారీ పట్టుకుంది. పట్టుకున్న ప్రతిసారీ ఈ చేతులతోనే కత్తెర పెట్టి డెబ్బై ఐదు దగ్గర కోసి, ఆ ముక్కను చెత్తబుట్టలో వేసింది. ఎన్నిసార్లు? మూడు వందలు? నాలుగు వందలు? అప్పుడొచ్చింది ఏడుపు, ముక్కు కారేలా, చిన్నపిల్లలా, గ్లౌజు చేత్తో తుడుచుకోకూడదని తెలిసి కూడా తుడుచుకుంది.

వెనక తలుపు తెరుచుకుంది. సూయిన్ అక్క, ఆమె వెనక వెంగ్ సార్. సార్ కళ్ళజోడు నుదుటి మీదకు తోసుకుని తెరకు ముఖం ఆనించినంత దగ్గరగా వంగారు. సూయిన్ అక్క నిచ్చెన మెట్లు వేలితో లెక్కపెట్టుకుంటూ పైకి వెళ్ళింది, తొంభై ఐదు దగ్గర వేలు ఆగిపోయింది.

"ఇది... మనం పారేసే ముక్కే కదూ?" అంది.

సార్ కళ్ళజోడు మళ్ళీ కిందికి దించుకున్నారు. తర్వాత పక్క స్టూలు మీద కూర్చున్నారు.

"కోయడం నేర్పింది నేను. అది నా తప్పు. దాన్ని నువ్వు మోయొద్దు."

"నిరుడే తెలిసింది సార్ నాకు. మూడుసార్లు చూశా. మీకు చెప్పలేదు."

ఆయన తల ఊపారు, ముందే తెలిసినట్టో ఇప్పుడే అర్థమైనట్టో తెలియకుండా. "విను. శుక్రవారానికి అందరూ రాసే జవాబే రాద్దాం. యాంటీబాడీ పెట్టక ముందే పొర కోశాం, అందుకే పూర్తి బొమ్మ లేదు అని. అబద్ధం కాదుగా, ఐదేళ్ళూ అట్లాగే కోశాం."

"జన్యువు తీసిన కణాల సంగతో?"

"అవి సరిగా పెరగలేదని రాద్దాం."

"పెరిగాయి సార్. బాగా పెరిగాయి."

"పేయ్‌జెన్, ముందు పట్టా పుచ్చుకో తల్లీ. తర్వాత నేను దిద్దుతా, మాట ఇస్తున్నా, అంతా మళ్ళీ చేయిస్తా. ఇదంతా నా కోసం కాదు, నీ కోసమే చెప్తున్నా."

నిజమే, తన కోసమే చెబుతున్నారు. అదే భరించలేకపోయింది. దుర్మార్గుడైతే ఎదురు తిరగొచ్చు, ఇంత మంచివాణ్ణి ఏం చేయాలి? సరే అనాలనిపించింది. ఆ మాట గొంతు దాకా వచ్చింది, ఇంకొక్క ఊపిరి చాలు బయటపడడానికి. కొట్టు గోడకు తగిలించడానికి అమ్మ ఫ్రేము కూడా కొనిపెట్టింది. తెర మీద ఆ సన్నటి గీత మినుకు మినుకుమంటోంది, ఎడమన ఉంది, కుడిన లేదు.

"అయితే నా పేరు తీసేసి పంపండి సార్."

తన నోటి నుంచే వచ్చిందా మాట అని తనే ఆశ్చర్యపోయింది. మొదటి పేరు తనది. అది లేకపోతే వ్యాసం లేదు, వ్యాసం లేకపోతే పట్టా లేదు. సూయిన్ అక్క నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది.

"పేరు తీసేస్తే నీకేం మిగులుతుందే?" అన్నారు సార్, మొదటిసారి కూతుర్ని అడిగినట్టు.

"ఏమీ మిగలదు సార్," అంది పేయ్‌జెన్. ముక్కు ఎగబీల్చి, ఇవాళ్టి తారీఖు కొట్టి, బొమ్మను ఏ అంచూ కోయకుండా మొత్తంగా దాచిపెట్టింది.